కుడివైపు కింది మూల

మౌంటు కోసేటప్పుడు బొమ్మను చూడనక్కర్లేదు, కొలత తెలిస్తే చాలు. ఫ్రేముకీ బొమ్మకీ మధ్య నాలుగు వైపులా దళసరిగా కనిపించే అట్టను మౌంటు అంటారు. దాన్ని బల్ల మీద బోర్లా పరిచి, ఇనప పట్టీ ఆనించి, బ్లేడును ఏటవాలుగా దించి ఒక్క ఊపిరిలో లాగాలి. మధ్యలో గాలి పీలిస్తే కోత వంకరపోతుంది. నాలుగు కోతలూ సరిగ్గా పడితే మధ్య ముక్క దానంతటదే ఊడి చేతిలోకి వస్తుంది. రాలేదంటే ఎక్కడో మూల తెగలేదన్నమాట. పదిహేడేళ్లుగా మౌంటమ్మాయి చేస్తున్న పని అదే. ఆమెకిప్పుడు నలభై రెండు. చెవుల పక్కన తెల్లవెంట్రుకలు ఏ దాపరికమూ లేకుండా కనిపిస్తున్నాయి. అయినా షాపులో చేరిన రోజున పడిన పేరు మాత్రం మారలేదు.

షాపు ఆమె బావగారిది, అంటే భర్తకు స్వయానా అన్నది. పెళ్లి ఫొటోలూ, డిగ్రీ పట్టాలూ షాపుకి తిండి పెడతాయి. పేరు తెచ్చేవి మాత్రం పూలు. కాలం మారినప్పుడల్లా ఉన్నవాళ్ల ఇళ్లలో పరదాలు మారతాయి, దిండ్ల గలీబులు మారతాయి, వాటికి జోడుగా గోడ మీది పూల బొమ్మలూ మారాలి. మామూలు పూల బొమ్మలు కాదు. పాతకాలపు వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఉండేలాంటివి. పువ్వు, మొగ్గ, ఆకు వెనకవైపు, కింద చిన్నగా గింజ, అడ్డంగా కోసిన కాయ. ఫ్రేములు ఏడాది పొడుగునా గోడ మీదే ఉంటాయి. మూడు నెలలకోసారి షాపువాళ్లు వెళ్లి లోపలి బొమ్మలు మార్చి, పాతవి తెచ్చి సొరుగులో దాస్తారు.

ఆ సోమవారం ఆమె చలికాలం సెట్టుకి అట్టలు వెతుకుతుండగా పూల టీచరు వచ్చింది. కాలేజీలో మొక్కల పాఠాలకు బొమ్మలు వేసి రిటైరైన మనిషి. షాపు అమ్మే పూలన్నీ ఆవిడ చేతివే. ఎప్పుడూ రిక్షా అతని చేతికిచ్చి పంపించే అట్టల సంచిని ఈసారి తనే గుండెకు ఆనించుకుని, గుమ్మాన్ని కాలితో తడుముకుంటూ లోపలికొచ్చింది.

"అయ్యో టీచరుగారూ, మీరెందుకు శ్రమపడటం! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా," అంటూ బావగారు కుర్చీలోంచి లేచాడు. లేచాడే గానీ ముందు అందుకున్నది సంచీనే.

నాలుగు కాగితాలు. బటర్ పేపరు తొలగించి ఒక్కొక్కటీ వెలుగుకెత్తి చూశాడు. చామంతి, లిల్లీ, గులాబీ, గసగసాల పువ్వు. ఆ కాగితాలకు టీ డికాక్షన్‌లో స్నానం చేయించి ఆరేసింది మౌంటమ్మాయే. అలా చేస్తే నిన్న కొన్న కాగితం నూరేళ్ల నాటిదైపోతుంది. ఆమె తన బల్ల దగ్గర్నుంచి లేవలేదు. దూరం నుంచి గులాబీ ఎరుపు మాత్రం కనిపించింది.

"టీచరుగారూ, ఇదేంటి, ఈ ఆకుకి చిల్లులేంటి?"

"పురుగు తింది."

"తింటే తిననివ్వండి, మనం వెయ్యడం ఎందుకు? డబ్బున్నవాళ్ల హాల్లో పురుగు తిన్న ఆకేంటండీ! పోయినసారి వేర్లు వేశారు. వేర్లు మట్టిలో ఉండాలి గానీ గోడ మీదెందుకు?"

"నా ముందున్న కొమ్మకి ఆ ఆకే ఉందయ్యా. వేరేది తెచ్చి అతికించమంటావా?" అంది టీచరు. కోపంగా కాదు, క్లాసులో వెనక బెంచీవాడికి చెప్పినట్టు.

బావగారు నవ్వేసి కాగితాలు తీసుకెళ్లి వెడల్పాటి సొరుగులో పడుకోబెట్టి తాళం వేశాడు. టీచరు సంచిలోంచి ఒక చీటీ తీసి మౌంటమ్మాయి బల్ల వైపు నడిచింది. ప్రతిసారీ అంతే. బొమ్మ ఎత్తు, వెడల్పు చీటీ మీద రాసి ఇస్తుంది, ఆ లెక్కనే కోత. ఈసారి అంకెలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి.

"కనిపిస్తున్నాయా? నాకైతే కనిపించట్లేదు," అంది టీచరు. "నడిమధ్య మచ్చ వచ్చిందట. పక్కలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు నిన్ను చూస్తుంటే నీ చెవులు కనిపిస్తున్నాయి, మొహం లేదు. వేసవికల్లా పూర్తిగా అంతే అన్నాడు డాక్టరు. అందుకే ఇవే చివరివి."

బావగారి చేయి సొరుగు తాళం మీదే ఆగిపోయింది. "అదేం మాట టీచరుగారూ! మంచి డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలో సగం వేసవి సెట్టు గురించి కావచ్చు.

"చూపించాంలే. నాకో చిన్న కోరిక. పదిహేడేళ్లుగా వేస్తున్నాను, ఒక్కసారి కూడా గోడ మీద చూడలేదు. ఇవి పెట్టేరోజు నన్ను కూడా తీసుకెళ్లండి."

బావగారు నీళ్లు నమిలాడు. ఇవి వెళ్లే ఇంటివాళ్లు కొంచెం అదో రకమన్నాడు, కొత్తవాళ్లను రానివ్వరన్నాడు, ఫొటో తీసి పంపిస్తానన్నాడు. ఫొటో ఆవిడకి ఎలా కనిపిస్తుందో ఆయనకు తట్టలేదు. టీచరు బతిమాలలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

మౌంటమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని బస్టాపు దాకా వెళ్లింది. చెప్పాల్సిన మాట పదిహేడేళ్లుగా గొంతులోనే ఉంది. టీచరు ప్రతి బొమ్మ కిందా, కుడివైపు మూలలో, పెన్సిల్‌తో చిన్నగా తన పేరు రాసుకుంటుంది. ఆ పేరు కనబడకుండా మౌంటు కోసేది మౌంటమ్మాయి. బావగారి మాట అది. మొదట్లో ఆ పేరు మీద అట్ట దించేటప్పుడు ఆమెకు చేతులు రాలేదు. తర్వాత్తర్వాత ఆ మూల వైపు చూడకుండా దించడం చేతికి అలవాటైంది. కింది అంచు ముందుగా ఆనించేస్తే ఇక ఆ మూల కళ్లబడదు.

"టీచరుగారూ, మీ పేరు..." అని మొదలుపెట్టింది.

"ఏ పేరు?" అంది టీచరు, తల పక్కకు వాల్చి.

అంతలో బస్సొచ్చింది. కండక్టరు ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు. ఆ 'ఏ పేరు?' అన్న మాట కోపమో, క్షమించడమో మౌంటమ్మాయికి అంతుపట్టలేదు. తిరిగొచ్చాక బావగారు తనంతట తానే మొదలుపెట్టాడు.

"నువ్వు కూడా నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూడకమ్మా. మెట్ల మేడమ్‌కి ఇవి నూరేళ్లనాటి పుస్తకంలోంచి తీసినవని చెప్పాను. ఇప్పుడు వేసినావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ ఒక్క ఇంటిని చూసి ఇంకో పది ఇళ్లు వస్తున్నాయి. షాపుంటేనే కదా మనందరం ఉండేది."

మెట్ల మేడమ్ అంటే ఊరి చివర పెద్దింటావిడ. హాల్లోంచి పైకెళ్లే మెట్ల పక్క గోడకి నాలుగు పెద్ద ఫ్రేములుంటాయి గనక షాపులో ఆవిడకా పేరు. బావగారు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మౌంటమ్మాయి కాపురం, భర్త పని, పిల్ల చదువు అన్నీ ఆ షాపు గుమ్మంలోంచే లోపలికి రావాలి. ఆమె తల వంచుకుని అట్ట మీద గీత గీసింది. గీత వంకరపోయింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ భర్తతో చెప్పింది. ఆయన షాపులో నిచ్చెన మనిషి. మేకులు కొట్టడం, ఫ్రేములు ఎక్కించడం, దించడం ఆయన పని. అన్నయ్య మాటంటే వేదం.

"శుక్రవారం మెట్ల మేడమ్ ఇంట్లో బొమ్మలు మార్చేటప్పుడు టీచరుగార్ని మనతో తీసుకెళ్దాం. మా పిన్ని, సాయానికొచ్చిందని చెబుతాను."

"అన్నయ్యకి తెలిస్తే?"

"బావగారు ఎప్పుడైనా ఆ ఇంటికొచ్చారా? బిల్లు మాత్రమే వెళ్తుంది."

ఆయన ఇంకో గుక్క తాగాడు. "అంతేనా, ఇంకేమైనా ఉందా? నువ్వు సగం చెప్పి సగం కడుపులో దాచుకునే రకానివి."

"పేరు కనిపించేలా కోస్తాను."

ఆయనకు పొరబోయింది. ఆమె లేచి వీపు మీద చరిచింది. దగ్గు తగ్గాక ఆయన కళ్లు తుడుచుకుంటూ, "మేడమ్ అడిగితే?" అన్నాడు.

"వేసినావిడ పేరని చెబుతాను."

"అప్పుడు నూరేళ్ల కథ ఏమవుతుంది? అన్నయ్య మాటేమవుతుంది? మనమేమవుతాం?"

"తెలీదు," అంది ఆమె. నిజంగానే తెలియదు.  ఒక్కటి మాత్రం తెలుసు, వేసవికల్లా టీచరుకి కనిపించదు. చూస్తే ఇప్పుడే చూడాలి. ఆయన గ్లాసు కింద పెట్టి, "నేను నిచ్చెన మీదుంటాను. కింద మీరేం చేసుకుంటారో నాకు తెలీదు," అన్నాడు. ఆయనలో అంతకన్నా పెద్ద ధైర్యం ఆమె ఎప్పుడూ చూడలేదు.

బుధవారం బావగారు భోజనానికి వెళ్లిన గంటలో పని కానిచ్చింది. నాలుగు మౌంట్లకీ బొమ్మ కోసం పెద్ద కిటికీ అప్పటికే తెగింది. దాని కింద, కుడివైపు మూలలో, చిటికెన వేలంత పొడుగున మరో చిన్న కిటికీ గీసింది. పేరు ఎక్కడుంటుందో చూడక్కర్లేదు. ఏ చోటు కప్పాలో పదిహేడేళ్లుగా తెలిసిన చెయ్యి, ఏ చోటు విప్పాలో కూడా చెప్పగలదు. చిన్న కోత పెద్ద కోత కన్నా కష్టం. బ్లేడు వెంట్రుకవాసి దాటినా మూల చీరుకుపోతుంది. కొత్త బ్లేడు వేసి, ఊపిరి బిగబట్టి లాగింది. గసగసాల మౌంటుకి మాత్రం పై మూల దగ్గర కోత రవ్వంత దాటింది. సన్నటి ఇసక కాగితంతో రుద్ది సరిచేసింది.

ఊడిన చిన్న ముక్కలను పారేయలేదు. ఏటవాలు కోత గనక ముక్కను వెనకనుంచి మళ్లీ దాని చోట్లో కూర్చోబెడితే బిరడాలా బిగుసుకుంటుంది. ముందు నుంచి చూస్తే గీత కూడా కనిపించదు. నాలుగు ముక్కలూ యథాస్థానంలో పెట్టి, వెనకాల చిటికెడు టేపు అంటించింది. సాయంత్రం బావగారు మౌంట్లు ఒక్కొక్కటీ కొలిచి చూశాడు.

"నీ చేతికి కడియం తొడగాలమ్మా," అన్నాడు. ఎప్పుడూ అనేదే. ఈసారి మాత్రం ఆమె తలెత్తి నవ్వలేకపోయింది.

శుక్రవారం పొద్దున ముసురు పట్టింది. బావగారు సొరుగు తీసి కాగితాలు బటర్ పేపరుతో సహా అట్టపెట్టెలో పెట్టించాడు. ఆటో మలుపు తిరిగాక టీచరు ఇంటి ముందు ఆగింది. ముందే కబురు అందిన ఆవిడ మంచి చీర కట్టుకుని, వాకిట్లోనే నిలబడి ఉంది. సాయానికొచ్చే పిన్ని కట్టే చీర కాదది. మౌంటమ్మాయి చెయ్యిచ్చి ఆటో ఎక్కించింది.

పెద్దింట్లో అప్పటికే పరదాలు మారాయి. ఇటుకరంగు పోయి బూడిదరంగు వచ్చింది. హాలంతా ఆ రంగే కమ్ముకుని, పట్టపగలే లైట్లు వేసున్నాయి. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, భర్త ఫ్రేములు ఒక్కొక్కటీ దించి దాని మీద బోర్లా పడుకోబెట్టాడు. వెనక మేకులు తీసి, పాత సెట్టు బయటికి లాగి, అద్దాలు తుడిచి, మళ్లీ నిచ్చెనెక్కి గోడ దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. టీచరు గమ్ టేపు డబ్బా ఒళ్లో పెట్టుకుని అడుగు మెట్టు మీద కూర్చుంది.

మెట్ల మేడమ్ శాలువా కప్పుకుని కిందికొచ్చింది. మంచి మనిషే. పనివాళ్లని కూడా మీరు అంటుంది.

"వీరెవరమ్మా?"

"మా పిన్నండీ. చేతిసాయానికొచ్చింది."

"అలాగా. చూడండి పెద్దమ్మగారూ, కానీ ముట్టుకోకండేం. ఒక్కోటీ నూరేళ్లనాటిది," అంటూ పాత సెట్టులోని మందారాన్ని టీచరు మొహం దగ్గరికి తెచ్చి చూపించింది. "ఆ నరాలు చూశారా? ఇప్పుడెవరికొస్తుంది ఆ పని!"

టీచరు తల పక్కకు తిప్పి కంటి కొసతో చూసింది. పోయిన ఎండల్లో కిటికీ పక్కన కూర్చుని పద్దెనిమిది రోజులు వేసిన మందారం అది. "వేసినవాళ్లు ఎవరమ్మా?" అని అడిగింది.

"ఎవరో. ఎప్పుడో పోయుంటారు. పేరు కూడా లేదు పాపం," అంది మేడమ్. "అదీ ఒకందుకు మంచిదే. ఎవరివో తెలిస్తే వాళ్లవైపోతాయి. తెలియదు కాబట్టి నావిలాగే ఉంటాయి."

నిచ్చెన మీద భర్త చేతిలోంచి గుడ్డ జారి కింద పడింది. మేడమ్ ఫోను మోగితే మాట్లాడుకుంటూ పక్కగదిలోకి వెళ్లింది.  ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుంది మౌంటమ్మాయి. చామంతి కాగితం మీది బటర్ పేపరు తీసి, అలవాటు ప్రకారం మూల వైపు చూడకుండా మౌంటు పరిచింది. అంచు కాస్త లేపి, వెనకనున్న టేపు పీకి, చిన్న ముక్కను వేలితో నొక్కింది. ముక్క అరచేతిలో పడింది.

మౌంటు దించి కిటికీలోకి చూసింది. లోపల టీ రంగు కాగితం ఉంది. ఇంకేమీ లేదు.

కొలత తప్పిందేమోనని మౌంటును కాస్త పక్కకు జరిపింది, కిందికి జరిపింది. చివరికి మౌంటు పూర్తిగా ఎత్తేసి కాగితాన్ని చూసింది. చామంతి ఉంది, కాడ ఉంది, కింద గింజా, చీల్చిన మొగ్గా ఉన్నాయి. కుడివైపు మూల శుభ్రంగా ఉంది. చెరిపిన మరక కూడా లేదు. గబగబా లిల్లీ తీసింది. గులాబీ తీసింది. గసగసాలు తీసింది. నాలుగు మూలలూ ఒక్కలాగే ఖాళీగా ఉన్నాయి.

ఆమె వెళ్లి టీచరు ముందు కూర్చుంది.  "పేరు రాయలేదేంటి టీచరుగారూ?"

"రాయడం మానేసి ఎనిమిదేళ్లు దాటింది," అంది టీచరు, ఆశ్చర్యంగా. "నీకు తెలియదూ? నీ చేతుల మీదుగానే కదమ్మా అన్నీ వెళ్లేవి!"

"నేను ఆ మూల చూసేదాన్ని కాదు."

"ఎందుకని?"

"చూస్తే కప్పలేనని."

 టీచరు చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు లేదు, అదే మౌంటమ్మాయికి భరించరానిదైంది. "నేను రాయడం మానేస్తే నువ్వైనా అడుగుతావనుకున్నాను. ఈసారి పేరేది టీచరుగారూ అని. అడగకపోయేసరికి, సరే ఇంతేలే అనుకున్నాను."

మౌంటమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. ఎనిమిదేళ్లు, ఏడాదికి నాలుగుసార్లు, ఒక్కోసారి నాలుగేసి బొమ్మలు. అన్నిసార్లూ పేరును దాస్తున్నాననుకుని లోలోపల కుమిలింది. ఏమీ లేని కాగితాన్ని అంత జాగ్రత్తగా దాచింది. జాకెట్టులో దోపుకున్న పెన్సిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. గులాబీ కాగితం తెచ్చి టేపు డబ్బా మీద ఆన్చింది.

"ఇప్పుడు రాయండి. ఇక్కడ. నేను వేలు పెడతాను, నా వేలి పక్కన."

టీచరు వంగింది. మొహం ఒకవైపు తిప్పి, తిరిగి మరోవైపు తిప్పి, ఆ వేలు కోసం వెతికింది. పెన్సిల్ మొన కాగితానికి గింజంత ఎత్తులో ఆగింది. అంతలో పక్కగది తలుపు చప్పుడైంది. టీచరు పెన్సిల్ని పిడికిట్లో మూసేసింది.

"ఇదేంటమ్మా, ఈ చిన్న కిటికీ?" మేడమ్ బల్ల మీది మౌంటును చూసింది. "ఎప్పుడూ ఉండేది కాదే!"

భర్త నిచ్చెన మీద బిగుసుకుపోయాడు. మౌంటమ్మాయి లేచింది. "అది పేరుండాల్సిన చోటండీ," అంది. 

"మరి పేరేది?"

చెప్పడానికి నోరు తెరిచింది. అయితే చూపించడానికేదీ? టీచరు మెట్టు మీదినుంచే అందుకుంది. "ఆ రోజుల్లో పెన్సిల్‌తో రాసుకునేవాళ్లటమ్మా. పాతబడి చెరిగిపోయుంటుంది."

"అయ్యో, అవునా!" మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి. మౌంటును కాగితం మీద పెట్టి, వెనక్కి జరిగి చూసుకుంది. "ఎంత బాగుంది! పేరు పోయినా చోటు మాత్రం ఉంచారు. నాలుగింటికీ ఉందా? అలాగే ఉంచండి. అమ్మో, నాకు ఒళ్లు జలదరిస్తోంది."

నాలుగు ముక్కలూ తీసి జాకెట్టులో వేసుకుని, మౌంటమ్మాయి నాలుగు ఫ్రేములూ బిగించింది. భర్త ఒక్కొక్కటీ ఎక్కించి, మట్టం చూసి దిగాడు. మేడమ్ పైకెళ్లాక ముగ్గురూ మెట్ల కింద నిలబడ్డారు. టీచరు గోడకేసి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి, భుజం మీదుగా చూస్తున్నట్టు నిలబడింది.

"గులాబీ ఏది?"

"మూడోదండీ."

"పురుగు తిన్న ఆకు మౌంటు కిందికి పోలేదు కదా?"

"లేదండీ. కనిపిస్తోంది."

"సరే, పద," అంది టీచరు. ఆటోలో పెన్సిల్ తిరిగి ఇచ్చేసింది.

శనివారం పొద్దున షాపు తలుపులు తీయగానే మౌంటమ్మాయి వెనకగదిలోకి వెళ్లింది. ఇళ్ల నుంచి తిరిగొచ్చిన పాత సెట్లన్నీ అక్కడి సొరుగుల్లో ఉన్నాయి. పై సొరుగులో కొత్తవి, కిందికి పోయేకొద్దీ పాతవి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క కాగితం తీసి పువ్వును చూడకుండా మూల చూసింది. ఖాళీ. ఖాళీ. కలువలు, గన్నేర్లు, మందారాలు, వానాకాలాలు, వేసవులు, అన్నీ ఖాళీ. మోకాళ్లు నొప్పి పుట్టాయి. నాలుగో సొరుగు అడుగున, ఒక చామంతి దగ్గర చెయ్యి ఆగింది.

అక్కడ పేరుంది. కింది మూలలో కాదు. బాగా పైకి, చీల్చిన మొగ్గ బొమ్మను తాకుతూ, ఆకు నీడలో ఇరుక్కుని, చీమ తల అంత అక్షరాలతో ఉంది. దానికి ముందు సెట్టు తీసింది. పేరు ఒక మిల్లీమీటరు కిందుంది. ఇంకా ముందుది తీస్తే రెండు మిల్లీమీటర్లు. అడుగు సొరుగు దాకా వెళ్లేసరికి పేరు కాగితం మూలలో, దాని చోట్లో అది, చక్కగా పెద్దగా, ఎవరికీ భయపడకుండా కనిపించింది.

ఆమెకు బావగారి మాట జ్ఞాపకమొచ్చింది. అప్పట్లో ప్రతి రెండు మూడు సెట్లకోసారి అనేవాడు. "ఆవిడ చెయ్యి పైకి పోతోందమ్మా, వయసు కదా. నువ్వూ రవ్వంత పైకి కొయ్యి." ఆమె తన కొలతల పుస్తకం తీసి, పాత పేజీలు తిప్పింది. కింది అంచు మూడు మిల్లీమీటర్లు పైకి. మరో రెండు పైకి. మరో రెండు. అన్నీ తన దస్తూరీయే. టీచరు చెయ్యి ఎక్కడికీ పోలేదు. అట్ట కిందినుంచి బయటపడదామని ఆవిడ పేరును కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ వచ్చింది. వెనకే మౌంటమ్మాయి బ్లేడు కూడా ఎక్కుతూ వచ్చింది. చివరికి పేరుకీ పువ్వుకీ మధ్య చోటు అయిపోయింది. ఆ తర్వాత పేరు లేదు.

నేల మీదే కూర్చుని ఏడ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. కాగితాల మీద నీళ్లు పడకుండా వాటిని ముందు దూరంగా జరిపి మరీ ఏడ్చింది.

"ఏమ్మా, ఇక్కడున్నావా!" బావగారు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. ఆయన ఆమె మొహం గమనించలేదు. "మెట్ల మేడమ్ ఫోన్ చేసింది. ఆ చిన్న కిటికీ ఏంటి, నాకు చెప్పకుండా? మొదట గుండె ఆగినంత పనైంది. ఆవిడేమో మురిసిపోతోంది. వాళ్ల చెల్లెలికీ అలాంటిదే కావాలట, వేసవికి. ఇకనుంచి అన్నిటికీ ఆ కిటికీ పెట్టు."

"అందులో ఏం కనిపించాలి బావగారూ?"

"ఏమీ అక్కర్లేదు. ఖాళీగానే బాగుందట." ఆయన చూపు నేల మీది కాగితాల మీద పడింది. "నయం, పాతవి తీశావు. నేనూ అదే అనుకుంటున్నా. వేసవికి వీటినే పంపిద్దాం. అంచులకి ఇంకో చుట్టు టీ పట్టించు, సరిపోతుంది."

"వీటి మీద పేరుంది."

"ఉంటే? రబ్బరు పెట్టి తీసెయ్యి. ఆవిడ ఇక వెయ్యదు కదమ్మా, పేరుతో పనేముంది?" అన్నాడు. చెడ్డగా అనలేదు. అలమరలో పాత రసీదు పుస్తకం పారేసేటప్పుడు అన్నట్టు అన్నాడు. ముందు గదిలో ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

మౌంటమ్మాయి కళ్లు తుడుచుకుని, చామంతి కాగితాన్ని రెండు చేతులతో బల్ల దగ్గరికి మోసుకొచ్చింది. మొగ్గ బొమ్మ పక్కన ఇరుక్కున్నదే, ఆఖరి పేరు. వేసవి నాటికి టీచరు ఏ గోడ ముందు నిలబడినా ఇది కనిపించదు. వేసవిలో బావగారు చూస్తాడు, మేడమ్ చెల్లెలు చూస్తుంది, అప్పుడేమవుతుందో చూడాలి. రబ్బరు సొరుగులోనే ఉంది. దాన్ని తీయలేదు.

స్కేలు తీసి, పువ్వు మీద కాకుండా పేరు మీద పెట్టింది. పొడుగు మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాసుకుంది. పదిహేడేళ్లలో ఆ కొలత తీసుకోవడం అదే మొదటిసారి. అట్టను బోర్లా పరిచి, గీత గీసి, కొత్త బ్లేడు వేసింది. బయట బావగారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి నాలుగు కోతలు లాగింది.

ముక్క ఊడి చేతిలోకి వచ్చింది.